వామన వృక్షములు: విత్తనము, నారు, గోడ మొలకల నుండి పెంచు విధానము

గోడ పగులులో రావి మొలక కనబడని ఊరు మన ప్రాంతమున ఉండదు. మా నారాయణఖేడ్‌లోను వానకాలము రాగానే పాత రాతి గోడలమీద, బావి ఒరలలో, డాబాల నీటి గొట్టముల ప్రక్కన ఇవి తలయెత్తును. "అయ్యగారూ, ఉంచితే గోడ పగులుతుంది, నరకడానికి చెయ్యాడదు, ఏం చేయమంటారు?" అని మా వైద్యశాలకు వచ్చువారు అడుగుట పరిపాటి. దానిని వేరుతో తీసి కుండీలో నాటి పెంచుకొనుడని నేను చెప్పుచుందును. గోడ నిలుచును, చెట్టు బ్రతుకును, ఇంటిల్లిపాదికిని ఒక మంచి వ్యాపకము దొరకును. ఆ పెంపకపు విధానమును, దానిలో తప్పక పాటింపవలసిన జాగ్రత్తలను ఈ వ్యాసమున వివరింతును.

బోన్సాయ్ అనగా నేమి?

జపాను భాషలో ‘బోన్’ అనగా లోతు తక్కువగల పళ్లెము. ‘సాయ్’ అనగా నాటుట. ఈ విద్య పుట్టిల్లు చైనా. అచ్చట క్రీ.శ. 706 నాటి ఒక రాజకుమారుని సమాధి గోడ చిత్రములలో పరిచారకులు చిన్న మొక్కలును రాళ్లునుగల పళ్లెములను మోయుచున్నట్లు చిత్రింపబడినది. జపానులో ఈ కళ పరిపక్వమై ప్రపంచమంతట వ్యాపించినది. మనము దీనిని వామన వృక్షమనుచున్నాము.

మందుల కొరకై మన ఋషులే ఈ పద్ధతిని కనిపెట్టిరని కొందరు చెప్పుచుందురు. గురుకులమున నేను చదివిన చరక, సుశ్రుత, వాగ్భట సంహితలలో చెట్టును పళ్లెములో కుదించి పెంచు విధానము నాకు కనబడలేదు. మనకు వృక్షాయుర్వేదము కలదు. వరాహమిహిరుని బృహత్సంహితలో దానికొక అధ్యాయమే యున్నది. సురపాలుని వృక్షాయుర్వేదమును నళినీ సాధలే గారి ఆంగ్లానువాదముతో సికింద్రాబాదులోని ఏషియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషన్ 1996లో ప్రచురించినది. విత్తన సంస్కారము, ఎరువులు, చెట్ల రోగములకు చికిత్స మొదలైనవి ఆ శాస్త్రమున కలవు. కావున కుదించు పనితనమును ఆ దేశముల వారినుండియు, చెట్టునొక ప్రాణిగా చూచి పోషించు దృష్టిని మన శాస్త్రమునుండియు గ్రహించుట ఉచితము.

మరియొక భ్రమను తొలగింపవలసియున్నది. ‘బోన్సాయ్ విత్తనములు’ అని ప్రత్యేకముగా అమ్ముట కద్దు. అట్టి విత్తనము లేనే లేదు. కదిరి సమీపమునగల తిమ్మమ్మ మర్రిమాను సుమారు 5 ఎకరముల నేలను ఆక్రమించి, 1989లో గిన్నిస్ గ్రంథమునకెక్కినది. అట్టి మర్రి పండులోని విత్తనమునే కుండీలో మొలిపించి క్రమముగా కత్తిరించుచు పెంచినచో, అది అడుగున్నర ఎత్తుననే ఉండును. పొట్టితనము విత్తనపు గుణము కాదు; పెంచువారి చేతి పని.

ఏ చెట్లు అనుకూలములు?

మర్రి, మేడి, రావి, జువ్వి, గంగరావి అను వాని పట్టలను పంచవల్కలములని వైద్యులెరుగుదురు. వీనిలో మొదటి నాలుగును ఒకే కుటుంబమునకు చెందిన పాలచెట్లు. వేరు కోసినను, కొమ్మ నరికినను త్వరగా కోలుకొను శక్తి వీనికి కలదు. మా ప్రాంతపు వేసవికి తాళుకొనగలవు. కావున క్రొత్తగా నేర్చుకొనువారు మర్రితోనో, జువ్వితోనో ప్రారంభించుట మేలు. రావి ఆకు పెద్దది గనుక కొంత ఓపిక కావలెను. చింత, సీమచింత, దానిమ్మ, కాగితపు పూల మొక్క కూడ మంచివే. చింతకు సహజముగనే చిన్న ఆకులుండుటచే అది చూచుటకు మిక్కిలి ముచ్చటగా నుండును.

1. విత్తనము నుండి

చింతగింజను ఒక రాత్రి గోరువెచ్చని నీటిలో నానబెట్టి, అర అంగుళము లోతున నాటవలెను. సుమారు 10 నుండి 15 దినములలో మొలకెత్తును. మర్రి, రావి విత్తనములు ఆవగింజకన్న చిన్నవి. పండిన పండును చిదిపి నీటిలో కడిగి, ఆరనిచ్చి, ఇటుక పొడియు ఆకుల ఎరువును కలిపిన తడి మట్టిపై చల్లవలెను. పైన మన్ను కప్పరాదు. నీరు పోసినచో కొట్టుకొనిపోవును గనుక చల్లుచు తడుపవలెను.

మొలక 3, 4 అంగుళములు పెరిగిన పిదప మెల్లగా పెకలించి, నిట్టనిలువుగా దిగు తల్లివేరు కొనను కత్తిరించి తిరిగి నాటవలెను. అప్పుడు ప్రక్కవేళ్లు నలుదెసల వ్యాపించును. రేపు పళ్లెములో చెట్టును నిలుపవలసినవి ఆ ప్రక్కవేళ్లే.

ఇచ్చట పలువురు ఒక పొరపాటు చేయుదురు. మొలకను వెంటనే చిన్న పళ్లెములో నాటుదురు. అది ఎన్ని ఏండ్లున్నను పుల్లవలెనే ఉండును. మ్రాను లావెక్కుటకు వేళ్లకు చోటు కావలెను. కావున 3 నుండి 5 సంవత్సరములు నేలలోనో, పెద్ద కుండీలోనో స్వేచ్ఛగా పెరుగనిచ్చి, అటుపిమ్మట కత్తిరించి పళ్లెమునకు మార్చవలెను.

2. నర్సరీ నారు నుండి

అంత కాలము వేచియుండలేనివారు నర్సరీలో రెండు, మూడేండ్ల మొక్కను కొనవచ్చును. ఎత్తును చూచి కొనరాదు. మొదలు లావుగా ఉండి పైకి పోనుపోను సన్నబడుచున్నదా, క్రింది భాగమున కొమ్మలున్నవా, వేళ్లు అన్ని వైపుల వ్యాపించినవా అని పరిశీలింపవలెను. అంటుకట్టిన మొక్కకు అతుకు వద్ద బొడిపె ఏర్పడును గనుక దానిని విడుచుట మంచిది.

సంచిలో పెరిగిన మొక్క వేళ్లు చుట్టలు చుట్టుకొనియుండును. వానిని వెదురు పుల్లతో విడదీసి, మూడవ వంతు కత్తిరించి, పైకొమ్మలను కూడ అదే పాళములో తగ్గింపవలెను. వేరు తగ్గించి ఆకును తగ్గింపకున్నచో, ఆకు కోరిన నీటిని వేరు అందింపలేక మొక్క వాడిపోవును. అగ్నిబలమునకు మించి భుజించినవాని గతియే దానికిని పట్టును.

3. గోడ మొలకలు, పొలము గట్టు మొక్కలు

రావి మొలకను తీయుటకు ముందు 3, 4 దినములు వేరు మొదట నీరు పోయుచుండవలెను. తరువాత ఉలితో సున్నమును, గచ్చును తొలగించి, వేరును వీలైనంత పొడవుగా తీయవలెను. సగము వేరు తెగినను నిరుత్సాహపడవలదు. పాలచెట్లు తిరిగి వేరు వేయును. గోడలో మిగిలిన వేరును మాత్రము పూర్తిగా తొలగింపవలెను. లేనిచో మరల చిగురించును. ఎత్తైన గోడపై పనికి తాపీ పనివానినే పిలువవలెను గాని పిల్లలను ఎక్కింపరాదు.

తీసిన మొక్కను వెంటనే తడిగుడ్డలో చుట్టి, ఆకులను తగ్గించి, మామూలు కుండీలో నాటి, 3, 4 వారములు నీడలో ఉంచవలెను. కొత్త చిగురు బాగుగా విచ్చుకొను వరకు ఎరువు వేయరాదు. పళ్లెమునకు మార్చుటకు కనీసము ఒక సంవత్సరము ఆగవలెను.

ఈ ఓపిక లేక నేను నష్టపోతిని. ఒక వైశాఖ మాసమున పొలము గట్టుననున్న వంకర సీమచింత నా కన్నులను ఆకర్షించినది. యజమాని అనుమతితో త్రవ్వి తెచ్చి, మరునాడే పళ్లెములో నాటితిని. పది దినములలో ఎండిపోయినది. ఇరువది ఏండ్లు గట్టుమీద బ్రతికిన ప్రాణి నా తొందరకు బలియైనది. నాటినుండి మృగశిర కార్తె రానిదే, అనగా జూన్ 8 ప్రాంతము కానిదే, నేను గడ్డపార పట్టలేదు.

ఇతరుల భూమిలోని మొక్కను అనుమతి లేక త్రవ్వరాదు. రిజర్వు అడవినుండి తెచ్చుట 1967 నాటి అటవీ చట్టము ప్రకారము నేరము. గోడలు, బావులు, కూల్చనున్న ఇండ్లు మనకు కావలసినన్ని మొక్కలనిచ్చును. ఎట్లును నరకబడవలసిన దానిని బ్రతికించుటలోనే సంతృప్తి కలదు.

మట్టి, పళ్లెము

మా ప్రాంతపు నల్లరేగడి తడిసినపుడు నీటిని పట్టియుంచి వేరును కుళ్లజేయును; ఎండినపుడు బీటలు వారి సన్నవేళ్లను త్రెంచును. కావున కుండీకి పనికిరాదు. పెసరగింజ పరిమాణముగల ఇటుక ముక్కలు 2 పాళ్లు, ఎర్రమన్ను 1 పాలు, బాగుగా మాగిన పశువుల ఎరువు 1 పాలు కలిపి, సన్నని దుమ్మును జల్లెడ పట్టి తీసివేయవలెను.

పళ్లెపు లోతు రమారమి మ్రాను మొదటి లావంత, పొడవు చెట్టు ఎత్తులో మూడింట రెండు వంతులు ఉండుట ఆనవాయితీ. అడుగున రంధ్రములుండి తీరవలెను. మన్ను జారకుండ వానిపై జాలి పరచవలెను.

చెట్టునకు దినచర్య, ఋతుచర్య

నీరు: గడియారము చూచి పోయరాదు. వ్రేలితో మట్టిని తాకి, పైపొర ఆరినపుడు రంధ్రములనుండి కారునంత వరకు పోయవలెను. ఏప్రిల్, మే మాసములలో ఉదయము, సాయంకాలము రెండుమార్లును కావలసియుండును.

ఎండ: ఇది ఆరుబయట పెరుగు చెట్టు. అతిథుల కొరకు ఒకటి, రెండు దినములు హాలులో ఉంచవచ్చును. తరువాత డాబా మీదికి చేర్పవలెను.

కత్తిరింపు: కొమ్మ 6, 7 ఆకులు వేసినపుడు రెండింటిని మిగిల్చి త్రుంచవలెను. రాగి లేక అల్యూమినియము తీగ చుట్టి కొమ్మను వంచినచో, రెండు వారములకొకసారి పరిశీలించి, పట్టలోనికి దిగకముందే విప్పవలెను.

వేళ్ల సంస్కారము: మర్రి, జువ్వి జాతులను రెండేండ్లకొకమారు వానకాలారంభమున పళ్లెమునుండి తీసి, వేళ్లను కొంత కత్తిరించి, కొత్త మట్టిలో నాటవలెను.

ఇట్లు కత్తిరించుట హింస కాదా యని కొందరడుగుదురు. పొట్టిగా ఉంచుట వేరు, ఆకలితో మాడ్చుట వేరు. ఏటేట కత్తిరించిన మల్లెయే బాగుగా పూయును గదా. జపానులో యమాకి కుటుంబము పెంచిన ఒక పైను చెట్టు 1625 నుండియు కుండీలోనే యున్నది. 1945లో హిరోషిమాపై అణుబాంబు పడిననాడు సమీపముననే ఉండియు అది బ్రతికినది. 1976లో దానిని అమెరికాకు బహూకరించిరి. నేటికిని అది వాషింగ్టన్‌లో పచ్చగా నున్నది. తరతరములుగా ఎవరో ఒకరు తప్పక నీరు పోసినందుననే అది నిలిచినది. ఒక్క వేసవిలో రెండు దినములు ఇంటికి తాళము వేసి పోయినచో చాలును, పదేండ్ల శ్రమ ఎండిపోవును. నీరు పోయువారిని ఏర్పరచుకొనని ఇంట ఈ చెట్టును పెంచకుండుటయే దయ.

ముఖ్యమైన హెచ్చరికలు

ఈ వ్యాసము వ్రాయుటకు నన్ను పురికొల్పిన విషయమిది. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక ఇల్లాలికి తరచు నోటిపూత వచ్చుచుండగా, రావిపట్ట కషాయముతో పుక్కిలింపుమని చెప్పితిని. ఆమె ఇంటి డాబా మీద నా సలహాతో పెంచిన కుండీ రావి యుండెను. దూరము పోనేలయని ఆ చెట్టు పట్టనే గీసి కషాయము కాచినది. అంతకు రెండు దినముల ముందు ఆమె కుమారుడు దానికి పురుగుమందు కొట్టియుండెను. పుక్కిలించునపుడు కొంత లోనికి పోయి వాంతులు ప్రారంభమైనవి. వెంటనే ఆసుపత్రికి పంపగా కోలుకొన్నది. చెట్టు మాత్రము చుట్టును పట్ట పోవుటచే చచ్చినది. ఆ తప్పు ఆమెది కాదు. పట్టను ఎచ్చటి చెట్టునుండి తీయవలెనో చెప్పని తప్పు నాది.

మూలికను పురుగు, విషము, ఆయుధము, ఎండ, గాలి, అగ్ని, నీరు, ఇరుకు వీనిచే దెబ్బతినని దానినుండియే గ్రహింపవలెనని సుశ్రుత సంహిత సూత్రస్థానము 36వ అధ్యాయము బోధించుచున్నది. వామన వృక్షము ఆయుధముచే కోయబడినది, ఇరుకున పెరిగినది, మన చేతి మందులను త్రాగినది. కావున అది సేవించుటకు గాక సేవ చేయుటకు మాత్రమే తగినది. దాని ఆకు, పట్ట, పాలు, పండు ఏదియు ఔషధముగా వాడరాదు. వంటింటి వైద్యమునకు తులసి, వాము ఆకు వంటివానిని వేరు కుండీలలో, పురుగుమందు సోకకుండ పెంచుకొనవలెను.

లావైన మొదలుతో బోన్సాయ్ పేర అమ్మెడు ఎడారి గులాబి గన్నేరు కుటుంబమునకు చెందినది. దాని పాలు గుండెకు హాని చేయు విషము. జెముడు జాతుల పాలు కంటిలో పడినచో ప్రమాదకరము. పిల్లలున్న ఇంట వీనిని వారికందనిచోట ఉంచవలెను. మర్రి, రావి పాలు కూడ కొందరికి దురద కలిగించును. కత్తిరించిన పిదప చేతులు సబ్బుతో కడుగుకొనవలెను. కంటిలో పాలు పడినచో ధారాళముగా నీటితో కడిగి, ఆలస్యము చేయక కంటి వైద్యునికి చూపవలెను.

పళ్లెము క్రింద ఉంచు పాత్రలో నీరు నిలిచినచో డెంగీ వ్యాపింపజేయు దోమలు అందు గ్రుడ్లు పెట్టును. గ్రుడ్డు దోమయగుటకు సుమారు 7 నుండి 10 దినములు చాలును. కావున వారమునకు కనీసము ఒకసారి నీటిని పారబోసి, పాత్రను రుద్ది కడుగవలెను.

వచ్చు మృగశిరకు మీ ఇంటి గోడను ఒకమారు చూచుకొనుడు. అందు మొలక యున్నచో దానిని తీసి మామూలు కుండీలో నాటుడు. దినమునకు ఎవరు నీరు పోయవలెనో ఇంటిలో ఆనాడే నిర్ణయించుకొనుడు. పళ్లెము కొనుటకు ఇంకను చాలినంత కాలమున్నది.