యంత్రదోషము – పునరుద్ధరణ : కెర్నెల్ నేర్పు పాఠము

గద్వాల చీర నేయు మగ్గము వద్ద కొంతసేపు నిలిచి చూచినవారికి ఒక విషయము తెలియును. పడుగులో పోగు తెగినచో నేతగాడు మగ్గమును ఆపును. తెగిన కొసను వెదకి, ముడివేసి, మరల నేతకు పూనుకొనును. ఒక్క పోగు తెగినదని పడుగునంతటిని కోసివేయడు. అట్లని తెగిన పోగును చూడనట్లు నేయుచును పోడు. ఆ లోపము బట్టలో కనబడకమానదు. కంప్యూటరులో ఒక పరికరము మొరాయించినపుడు ఆపరేటింగ్ సిస్టమ్ అనుసరించు పద్ధతియు ఇట్టిదే. దానిని మా విద్యార్థులకు పరిచయము చేయుటయే ఈ వ్యాసమునందు మా ఉద్దేశము.

కెర్నెల్ అనగా గింజలోని పప్పు, ఉర్దూలో మగ్జ్. ఆపరేటింగ్ సిస్టమ్‌కు అదియే సారభూతమైన భాగము. డిస్కు, నెట్‌వర్కు కార్డు మున్నగు పరికరములతో వ్యవహరించు బాధ్యత దానిదే. ఒక్కొక్క పరికరము స్వభావము నెరిగి దానిని నడుపు భాగమును డ్రైవరు అందురు. 1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్స్ కెర్నెల్‌ను ఎవరైనను తెరచి చదువవచ్చును. కావున దానినే ఉదాహరణముగా గ్రహించుచున్నాము.

మొదట దోషము యొక్క తీవ్రతను గుర్తింపవలెను. నేటి యంత్రములలో పరికరములను కలుపు పీసీఐ ఎక్స్‌ప్రెస్ మార్గమునందు దోషములు మూడు తరగతులు. మొదటి తరగతి దోషమును యంత్రమే దిద్దుకొనును. చెడిన సమాచారపు పొట్లమును మరల పంపించుకొనును. కెర్నెల్ దానిని చిట్టాలో వ్రాసుకొనిన చాలును. రెండవ తరగతిలో ఒక వ్యవహారము చెడిపోవును గాని, మార్గము నమ్మదగినదిగనే ఉండును. మూడవ తరగతిలో ఆ మార్గమునే నమ్మరాదు. అపుడు రీసెట్ తప్పదు.

రీసెట్ అనగా పరికరమును తొలిస్థితికి తెచ్చుట. ఇందును మెట్లు కలవు. స్కజీ పద్ధతిలో నడచు డిస్కునకు ఒక ఆదేశ మిచ్చిన పిదప కెర్నెల్ సాధారణముగా 30 సెకన్లు వేచియుండును. జవాబు రానిచో ముందుగా ఆ ఒక్క ఆదేశమును రద్దుచేయ జూచును. అది ఫలింపనిచో ఆ పరికరమును మాత్రము రీసెట్ చేయును. అప్పటికిని లొంగనిచో పరికరములన్నియు పంచుకొను మార్గమును, తుదకు ఆ మార్గమును నడుపు కార్డునే రీసెట్ చేయును. ఏదియు ఫలింపనపుడు మాత్రమే ఆ పరికరమును వాడుకనుండి తొలగించును. పై మెట్టుకు పోయినకొలది ఏ దోషమును ఎరుగని ఇతర పరికరముల పనికిని భంగము కలుగును. చిన్న మందుతో పోవు రోగమునకు శస్త్రచికిత్స చేయరాదన్న నీతి ఇందు గలదు.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక కార్యాలయములో పరీక్ష దరఖాస్తుల నమోదు జరుగుచుండగా మేము అచటనే ఉంటిమి. తెర కదలక నిలిచిపోయినది. అర నిమిషమైన గడువకముందే ఒకరు తొందరపడి ప్లగ్గు లాగివేసిరి. మేమును ఆనాడు అదియే సరియని తలచితిమి. మరల యంత్రము లేచినపుడు ఆ మధ్యాహ్నము నమోదు చేసిన పేర్లు లేవు. అవి మెమొరీలో ఉన్నవి గాని డిస్కునకు చేరలేదు. కెర్నెల్ ఆ వేళ ఏ మెట్టుపై ఉన్నదో ఎవరు చెప్పగలరు? మరునాడు గడువు. గుమాస్తా ఆ రాత్రి దీపము పెట్టుకొని దరఖాస్తులన్నియు మరల ఎక్కించినాడు.

రీసెట్ చేసినంత మాత్రమున పని ముగియదు. పరికరము తన అమరికలన్నియు మరచిపోవును. డ్రైవరు వాటిని మరల నేర్పవలెను. మధ్యలో నిలిచిన పనులను తిరిగి పంపవలెను, లేదా విఫలమైనవని అడిగినవారికి తెలుపవలెను. పరికరము మార్గమునుండి విడిపోయినపుడు, దానిని చదువబోయిన డ్రైవరునకు అన్నియు ఒకట్లే వచ్చును. దానిని నిజమైన జవాబని భ్రమపడరాదు. ప్రయత్నమునకు మేర కూడ ఉండవలెను. ఐబీఎం పవర్ యంత్రములపై లినక్స్, ఒక గంటలో ఐదు మార్లకు మించి దోషము చూపిన పరికరమును శాశ్వతముగ పక్కకు పెట్టును.

అన్నిటికంటె ముఖ్యమైనది, జరిగిన నష్టమును దాచకుండుట. 2018లో పోస్ట్‌గ్రెస్ అను డేటాబేసును నిర్మించువారు ఒక సంగతి గుర్తించిరి. డిస్కుపై వ్రాత విఫలమైనపుడు లినక్స్ ఆ విషయమును ఒకమారు తెలిపి, పిదప ఆ పుటను వ్రాసినదానివలె లెక్కించుచుండెను. రెండవమారు అడిగిన ప్రోగ్రామునకు ‘అంతయు క్షేమము’ అను జవాబు వచ్చెడిది. డిస్కుపై మాత్రము సమాచారము లేదు. 2019లో పోస్ట్‌గ్రెస్ తన పద్ధతిని మార్చుకొనినది. అట్టి వైఫల్యము తెలిసిన వెంటనే పని ఆపి, తన చిట్టానుండి సమాచారమును పునరుద్ధరించుకొనును. ఆగిపోవుట కొంత నష్టమే. అబద్ధపు క్షేమవార్త అంతకంటె పెద్ద నష్టము.

విద్యార్థులారా! రేపు మీలో కొందరు బ్యాంకులలో, ఆసుపత్రులలో, విద్యుత్ కేంద్రములలో యంత్రముల ముందు కూర్చుండెదరు. యంత్రము నిలిచినపుడు ముందు దోషమెంతటిదో తెలిసికొనుడు. అవసరమైనంత మాత్రమే కదల్చుడు. సాధ్యము కానిచో ఎచట ఆపవలెనో ఎరుగుడు. పోయినదానిని పోయినదని చెప్పుడు. తెగిన పోగును ఒప్పుకొనిన చేతికే దానిని ముడివేయుట సాధ్యమగును.