చేతబడి భయము ఎక్కడ పుట్టును?

పాఠము: అపొస్తలుల కార్యములు 28:1–6

మెలితే ద్వీపములో పౌలు చేతిని సర్పము పట్టినప్పుడు అక్కడివారు మొదట అతనిని నరహంతకుడనుకొనిరి. కొంతసేపటికి అతనికేమియు కాకపోవుట చూచి దేవతయనిరి. పాము అదే, చేయి అదే. తీర్పు మాత్రము తలక్రిందులాయెను. ఏది జరిగినను దాని వెనుక ఎవరో ఉన్నారని వెదకుట మనుష్యుని మనస్సునకు అలవాటు.

భద్రాచలము అడవి అంచున ఈ అలవాటునకు మలేరియా జ్వరము చాలకాలము మేత వేసినది. చలి, వణకు, ఒళ్లు కాలుట, చెమట, పిమ్మట నెమ్మది. తరచుగా ఒక దినము విడిచి మరల అదే వరుస. వణకు పుట్టిన సాయంత్రము భూతవైద్యుని పిలుతురు. అతడు కోడిని కోసి తాయెత్తు కట్టును. తెల్లవారునప్పటికి చెమట పట్టి జ్వరము దిగును. దిగవలసిన వేళకే దిగినది గాని పేరు తాయెత్తునకు దక్కును. మరల వచ్చినచో, "చేసినవాడు గట్టివాడు" అందురు. ఈ లెక్కలో భూతవైద్యునికి ఓటమియే లేదు! తాయెత్తు మెడలో ఉండగనే చనిపోయిన బిడ్డలను ఎవరును లెక్కపెట్టరు. జ్వరము మెదడునకు ఎక్కినచో రోగి కలవరించును, మూర్ఛలు వచ్చును. చూచువారికి అది దయ్యము పట్టినట్లే యుండును.

1897 ఆగస్టు 20న సికింద్రాబాదులోనే రొనాల్డ్ రాస్ అను వైద్యుడు దోమ కడుపులో ఈ రోగక్రిమిని చూచెను. అయినను దోమ సంగతి తెలిసినంత మాత్రమున భయము పోదు. (చీకటిలో చింతచెట్టు క్రింద నేనును అడుగు త్వరగా వేయుదును.) "దోమ అందరిని కుట్టెను గదా, నా బిడ్డకే యెందుకు?" అని తల్లి అడుగును. రక్తపరీక్ష దీనికి జవాబు చెప్పదు. మంత్రగాడు చెప్పును. ఒక పేరు చెప్పును.

ఆ పేరు తరచుగా పొలము తగాదా ఉన్నవానిదో, దిక్కులేని విధవరాలిదో అయియుండును. ఆమె ఆ బిడ్డను ఎత్తుకొనిన ఒక్క దినము అందరికిని జ్ఞాపకము వచ్చును. ఎత్తుకొనినను ఏమియు కాని నూరు దినములు జ్ఞాపకము రావు. ఈ నెపము మీద మన ప్రాంతములో ప్రాణములు తీసిన సంగతి మీరెరుగనిది కాదు.

గత వర్షాకాలమున ఒక పల్లెలో ఇట్టి మాట పుట్టగా నేనును ఆశా కార్యకర్తయు వెళ్లితిమి. వ్రేలు పొడిచి పరీక్ష చేయగా పావుగంటలో మలేరియా అని తేలెను. మాత్రలతో బిడ్డ లేచి ఆడుకొనుచున్నాడు. ఆ విధవరాలు బోరింగు యొద్దకు వచ్చినప్పుడు మాత్రము బిందెలు ఇంకను ప్రక్కకు జరుగుచున్నవి. వాటిలో మన సంఘస్థుల బిందెలు కూడ ఉన్నవి.