చెరిపినా పోని లెక్క

పిల్లలూ! నోటు పుస్తకంలో తప్పు రాస్తే మీరేం చేస్తారు? కొందరు రబ్బరుతో చెరిపేస్తారు. కొందరు తప్పు మీద ఒక గీత గీసి, పక్కన సరైనది రాస్తారు. లెక్కలు దాచే పుస్తకాల్లో రెండో పద్ధతే మంచిది. ఈ సంగతి నేను ఆలస్యంగా తెలుసుకున్నాను.

చాలా ఏళ్ల క్రితం మార్కుల రిజిస్టరులో ఒక అంకెను బ్లేడుతో గీకి, దాని మీద 38 అని వేశాను. కొన్నాళ్లకు ఒక అమ్మాయి వచ్చి, "మాస్టారూ, నాకు 83 వచ్చాయండీ" అంది. జవాబు పత్రాలు అప్పటికే లేవు. గీకక ముందు అక్కడ ఏముందో నాకే గుర్తు రాలేదు. ఆ పిల్లకు ఏ జవాబూ చెప్పలేకపోయాను.

ఇప్పుడు మార్కులు కంప్యూటరులో ఉంటున్నాయి. కాగితమైతే గీకినచోట పలచబడుతుంది. కంప్యూటరులో ఆ జాడ కూడా ఉండదు! మరి ఏం చేయాలి?

పట్టికలో జరిగేదేమిటి?

ఐబీఎం సంస్థలో పనిచేసిన ఎడ్గార్ కాడ్ 1970లో ఒక వ్యాసం ప్రచురించాడు. సమాచారాన్ని పట్టికలుగా అమర్చే పద్ధతిని అందులో వివరించాడు. ఆ పద్ధతిలో తయారైనవే రిలేషనల్ డేటాబేసులు. మార్కుల పట్టికలో ఒక్కొక్క విద్యార్థికి ఒక్కొక్క అడ్డువరుస ఉంటుంది. ఒకే పేరు ఇద్దరికి ఉండవచ్చు కాబట్టి రోల్ నంబరుతో గుర్తిస్తారు.

"12వ నంబరు మార్కులు 83 చెయ్యి" అని ఆదేశిస్తే, మామూలు పట్టికలో 38 పోయి 83 వస్తుంది. పాత అంకె పట్టికలో మిగలదు. అందుకని పక్కనే ఇంకొక పట్టిక పెడతారు. దాన్ని చరిత్ర పట్టిక అందాం. అందులో ఇలా ఉంటుంది:

జనవరి 10 – రోల్ నంబరు 12 – పాతది 38 – కొత్తది 83 – మార్చినవారు: సైన్సు మాస్టారు.
జనవరి 20 – రోల్ నంబరు 12 – పాతది 83 – కొత్తది 80 – మార్చినవారు: హెడ్మాస్టరు.

కొత్త విద్యార్థి చేరితే "పాతది" గడి ఖాళీగా ఉంటుంది. పేరు తీసేస్తే "కొత్తది" గడి ఖాళీగా ఉంటుంది.

ఇదంతా ఎవరు రాస్తారు? మనుషులైతే మరచిపోవచ్చు, కావాలని మానేయవచ్చు. అందుకని ఆ పని డేటాబేసుకే అప్పగిస్తారు. ఎలుకల బోనులో ఎర కదలగానే తలుపు పడుతుంది కదా! అలాగే మార్కు మారగానే చరిత్ర పట్టికలో వరుస చేరుతుంది. ఈ ఏర్పాటును ట్రిగ్గర్ అంటారు. మార్పు, దాని నమోదు రెండూ కలిసే జరుగుతాయి. నమోదు కాకపోతే మార్పు కూడా రద్దవుతుంది. డేటాబేసులకు వాడే ఎస్‌క్యూఎల్ భాష ప్రమాణంలో ట్రిగ్గర్లు 1999లో చేరాయి. పాత వరుసలను, అవి అమలులో ఉన్న కాలంతో సహా, తమంతట తామే దాచుకునే పట్టికలు 2011లో చేరాయి.

వెనక్కి నడుద్దాం

ఇప్పుడు మార్కుల పట్టికలో 80 ఉంది. జనవరి 15న ఎంత ఉండేది? నేటి అంకెతో మొదలుపెట్టి వెనక్కి రండి. 20వ తేదీ మార్పును తీసేస్తే 83. అదే జవాబు. జనవరి 9న ఎంతో మీరే చెప్పండి!

రెండు జాగ్రత్తలు కావాలి. చరిత్ర పట్టికలో కొత్త వరుసలు చేరాలే గాని, ఉన్న వరుసలను మార్చే వీలు ఎవరికీ ఇవ్వకూడదు. అందరూ ఒకే పాస్‌వర్డ్ వాడకూడదు. వాడితే, మార్చింది ఎవరో తేలదు.

ఇంకొక మాట. 38 సరైనదా, 83 సరైనదా అన్నది చరిత్ర పట్టిక చెప్పదు. ఏది ఎప్పుడు, ఎవరి చేతిలో మారిందో మాత్రమే చెబుతుంది. ఆనాడు నా దగ్గర ఆపాటి ఆధారం ఉన్నా, ఆ అమ్మాయి మాటను విచారించి చూసేవాణ్ణి.

చేసి చూడండి

మీ తరగతి గ్రంథాలయానికి రెండు నోటు పుస్తకాలు పెట్టండి. ఒకదానిలో ఏ పుస్తకం ఎవరి దగ్గరుందో పెన్సిలుతో రాసి, చేతులు మారినప్పుడల్లా దిద్దండి. రెండోదానిలో ప్రతి మార్పునూ తేదీతో సహా పెన్నుతో రాయండి. నెల తర్వాత ఒక పుస్తకం చిరిగి కనిపిస్తే, అది ఎవరెవరి చేతులు మారిందో ఏ నోటు పుస్తకం చెబుతుంది?