ముందే దరఖాస్తు పెడితే సీటు తేలికా? సూరత్ తెలుగు కుటుంబాలు అడిగే ప్రశ్నలు

సాంచాల పని కోసం సూరత్ చేరి, లింబాయత్, ఉధ్నా వైపు స్థిరపడ్డ తెలుగువాళ్ల ఇళ్లలో ప్లస్‌టూ పిల్లలుంటే ఇప్పుడు రెండు చర్చలు నడుస్తుంటాయి. అమెరికాకు నవంబరులోనే దరఖాస్తు పెట్టాలా? ఇంటర్‌కి హైదరాబాద్ పంపాలా? రెండు చోట్లా శాతాలు ఊరిస్తాయి. వాటి వెనకున్న నియమాలు ఇవీ.

అమెరికాలో ముందస్తు దరఖాస్తులు ఎన్ని రకాలు?

ముఖ్యంగా మూడు. 'ఎర్లీ డెసిషన్'లో సీటిస్తే చేరి తీరాలి. బ్రౌన్‌ది ఈ పద్ధతి. 'ఎర్లీ యాక్షన్'లో ఆ కట్టుబాటు లేదు. ఎంఐటీ దీన్ని పాటిస్తుంది. హార్వర్డ్, యేల్‌లలో ఉన్న మూడో రకంలో చేరాలన్న నిర్బంధం లేకపోయినా, అమెరికాలోని ఇతర ప్రైవేటు విశ్వవిద్యాలయాలకు ముందస్తుగా పెట్టకూడదు. గడువు సాధారణంగా నవంబరు 1, ఫలితం డిసెంబరు మధ్యలో.

ముందస్తు శాతం నిజంగా అంత ఎక్కువా?

లెక్కల్లో ఎక్కువే. 2024లో చేరిన బ్యాచ్‌కి హార్వర్డ్ ముందస్తుగా 7,921 మందిలో 692 మందిని తీసుకుంది, అంటే 8.7 శాతం. మొత్తం మీద 54,008 మందిలో 1,937 మందికి, 3.6 శాతానికి సీటు దక్కింది. అదే ఏడాది బ్రౌన్‌లో ముందస్తు శాతం 14.4, మొత్తం 5.2. అయితే 'మొత్తం'లో ముందస్తువాళ్లూ కలిసే ఉంటారు. వాళ్లను తీసేస్తే హార్వర్డ్‌లో మిగిలేది 2.7 శాతం, బ్రౌన్‌లో 3.8. స్టాన్‌ఫర్డ్ మాత్రం ఇలాంటి అంకెలను ప్రకటించడం ఆపేస్తున్నట్టు 2018లోనే చెప్పింది.

అంటే మా అమ్మాయికీ 14 శాతం అవకాశం ఉన్నట్టేనా?

కాదు. ఆ గుంపులో కోచ్‌లు ముందే ఎంచుకున్న క్రీడాకారులుంటారు, కొన్నిచోట్ల పూర్వ విద్యార్థుల పిల్లలూ ఉంటారు. విదేశీ విద్యార్థులకు విడిగా శాతం ఎంతో ఈ అంకె చెప్పదు. అలాగని ముందస్తు లాభం ఒట్టి భ్రమ కూడా కాదు. ఏవరీ, ఫెయిర్‌బ్యాంక్స్, జెక్‌హాసర్ అనే పరిశోధకులు 2003లో వెలువరించిన పుస్తకంలో, విద్యార్థుల అర్హతల తేడాలను లెక్కలోకి తీసుకున్నాక కూడా, ముందే పెట్టడం శాట్‌లో సుమారు 100 మార్కులు అదనంగా తెచ్చుకోవడంతో సమానమని తేల్చారు. కాకపోతే ఆ లాభం దరఖాస్తు అప్పటికే గట్టిగా ఉన్నవాళ్లకు. అక్టోబరు నాటికి మార్కులు, వ్యాసాలు సిద్ధం కాకపోతే తొందరపడటం వల్ల నష్టమే.

ఎర్లీ డెసిషన్‌లో సీటొచ్చాక డబ్బు చాలకపోతే?

ఒప్పందంపై విద్యార్థి, తల్లిదండ్రులు, స్కూల్ కౌన్సెలర్ ముగ్గురూ సంతకం చేస్తారు. సీటొచ్చాక మిగతా దరఖాస్తులు వెనక్కి తీసుకోవాలి. ఆర్థిక సాయానికి కూడా దరఖాస్తు చేసి ఉండి, కాలేజీ ఇచ్చేది చదువుకు చాలకపోతే సీటు వదులుకోవచ్చు. అది ఒప్పందంలో ఉన్న హక్కే. కానీ వేరే కాలేజీ ఎంత సాయం ఇచ్చేదో పోల్చి చూసుకునే వీలు పోతుంది.

హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్‌హర్స్ట్, డార్ట్‌మత్ వంటి కొద్ది సంస్థలే విదేశీ విద్యార్థి సాయం అడిగాడా లేదా అన్నది చూడకుండా ఎంపిక చేస్తాయి. 2025లో చేరిన బ్యాచ్ నుంచి బ్రౌన్ కూడా వాటిలో చేరింది. చాలాచోట్ల సాయం అడగడం ఎంపికపై ప్రభావం చూపుతుంది. మొదట అడగకపోతే తర్వాత ఇవ్వని కాలేజీలూ ఉన్నాయి. కాబట్టి సంతకానికి ముందే కాలేజీ ఆర్థిక సహాయ కార్యాలయానికి మెయిల్ పెట్టి నియమం రాతపూర్వకంగా తెప్పించుకోండి.

ఎర్లీ డెసిషన్ పెడితే జేఈఈ రాయకూడదా?

రాయొచ్చు. జేఈఈ ఒక పరీక్ష మాత్రమే, కాలేజీకి పెట్టే దరఖాస్తు కాదు. సీట్ల ఎంపిక, అంటే జోసా కౌన్సెలింగ్, వేసవిలో జరుగుతుంది. ఎర్లీ డెసిషన్ సీటు ఒప్పుకున్నవాళ్లు అందులో పాల్గొనడం మాత్రం మాట తప్పడమే.

డిసెంబరులో రాకపోతే?

తిరస్కరిస్తే ఆ ఏడాది అదే కాలేజీకి మళ్లీ పెట్టలేరు. 'డిఫర్' చేస్తే దరఖాస్తును మార్చి ఫలితాల కోసం మళ్లీ పరిశీలిస్తారు. అప్పటికి ఎర్లీ డెసిషన్ కట్టుబాటు తీరిపోతుంది. కొన్ని కాలేజీలు జనవరి గడువుతో రెండో విడత ఎర్లీ డెసిషన్ కూడా నిర్వహిస్తాయి.

మన ఊరి ఎస్‌వీఎన్‌ఐటీలో ఇలాంటి ముందస్తు దారి ఉందా?

లేదు. 1961లో మొదలై తర్వాత ఎన్ఐటీగా మారిన ఈ సంస్థలో బీటెక్ సీట్లు జేఈఈ మెయిన్ ర్యాంకుతో, జోసా ద్వారానే నింపుతారు. ప్లస్‌టూలో 75 శాతం మార్కులు గానీ, బోర్డులో తొలి 20 పర్సంటైల్‌లో చోటు గానీ ఉండాలి. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 65 శాతం చాలు. అయితే అవకాశాన్ని రెండేళ్ల ముందే మార్చే నిర్ణయం ఒకటుంది. ఎన్ఐటీల్లో సగం సీట్లు సొంత రాష్ట్రం వాళ్లవి.

సొంత రాష్ట్రం ఏదో ఎలా తేలుస్తారు? మాది కరీంనగర్ జిల్లా.

ఎక్కడ పుట్టారు, ఇంట్లో ఏ భాష మాట్లాడతారు, ఆధార్‌లో ఏ చిరునామా ఉంది అన్నవి లెక్కలోకి రావు. ప్లస్‌టూ ఏ రాష్ట్రంలో పాసైతే అదే సొంత రాష్ట్రం. సూరత్‌లో పాసైతే ఎస్‌వీఎన్‌ఐటీలో గుజరాత్ కోటా వస్తుంది, వరంగల్ ఎన్ఐటీలో ఇతర రాష్ట్రాల కోటాలో పోటీపడాలి. హైదరాబాద్‌లో పాసైతే ఇది తిరగబడుతుంది. విజయవాడ పంపితే సొంత కోటా తాడేపల్లిగూడెం ఎన్ఐటీలో. తర్వాత ఇంకో రాష్ట్రంలో ఇంప్రూవ్‌మెంట్ రాసినా, మొదటిసారి పాసైన రాష్ట్రమే నిలుస్తుంది. ఐఐటీలకు ఈ కోటా లేదు. ఎప్‌సెట్ 'లోకల్' హోదాకు ఎన్నేళ్లు ఎక్కడ చదివారన్న నియమం వేరే ఉంది, దీనితో కలపకండి.

"ముందే పెడితే సీటు గ్యారంటీ" అంటున్న కన్సల్టెన్సీని నమ్మొచ్చా?

వద్దు. ఎంపిక చేసేది విశ్వవిద్యాలయమే. ఆ హామీ ఇచ్చే అధికారం మధ్యవర్తికి ఉండదు. ఎర్లీ డెసిషన్ ఒప్పందం మీద సంతకం మీది, మీ పిల్లలది. దాన్ని కన్సల్టెన్సీ చేత పెట్టించకండి. చదవకుండా మీరూ పెట్టకండి.