కంప్యూటరు ఫ్యానుల వేగము, రొద, నియంత్రణ

విజ్ఞాన శాస్త్రము మానవునికి అనేక సౌకర్యములను ప్రసాదించుచున్నది. అయితే ప్రతి సౌకర్యము వెంట ఒక చిన్న చికాకు కూడ వచ్చుచున్నది. కంప్యూటరు గదిలోని ఫ్యానుల రొద అట్టిదే. ఒక వేసవిలో ఒకచోట కంప్యూటరు పాఠము జరుగుచుండగా, ఉపాధ్యాయుని మాట వినబడుట లేదని ఒక విద్యార్థి తన యంత్రములోని ఫ్యాను తీగను ఊడబెరుకుట నేను చూచితిని. రొద తగ్గెను. కాని కొంతసేపటికి యంత్రము తనంతట తాను ఆగిపోయెను. మధ్యాహ్నమంతయు శ్రమించి అతడు వ్రాసిన ప్రోగ్రాము నశించెను. ఫ్యానును ఆపకుండ రొదను తగ్గించు మార్గము కలదు. దానిని తెలుపుటయే ఈ వ్యాసోద్దేశము.

వేడిమి లెక్క

కంప్యూటరు వాడుకొను విద్యుచ్ఛక్తి దాదాపు అంతయు తుదకు వేడిమిగా మారును. 1946లో అమెరికాలో ప్రజలకు ప్రదర్శింపబడిన ఎనియాక్ యంత్రములో సుమారు 18,000 వాల్వులుండెను. అది దాదాపు 150 కిలోవాట్ల విద్యుత్తును వినియోగించెడిది. నేడు గోరంత చిప్పు ఒక్కటియే 65 వాట్లు వాడుకొనుచున్నది. వైశాల్యము అత్యల్పమగుటచే ఆ వేడిమిని వెనువెంటనే తొలగింపవలెను. అందులకై చిప్పుపై రెక్కలు గల లోహపు దిమ్మెను అమర్చి, దానిపైకి ఫ్యానుతో గాలిని పంపుదురు.

ఆ దిమ్మె, ఫ్యాను కలిసి ఒక్కొక్క వాటుకు అర డిగ్రీ చొప్పున ఉష్ణోగ్రత పెరుగనిచ్చుననుకొందము. 65 వాట్లకు పెరుగుదల 32.5 డిగ్రీలు. గది 25 డిగ్రీలున్నచో చిప్పు 57.5 డిగ్రీలకు చేరును. ఏప్రిల్, మే మాసములలో నంద్యాల, ఆళ్లగడ్డలలో గాలి 40 డిగ్రీలు దాటుట మనకు క్రొత్త కాదు. గది 42 డిగ్రీలున్న దినమున అదే చిప్పు 74.5 డిగ్రీలకు చేరును. ఎంత బలమైన ఫ్యానైనను చిప్పును గది గాలి కంటె చల్లగా చేయజాలదు. అయినను పెక్కు చిప్పులు సుమారు 100 డిగ్రీల వరకు ఓర్వగలవు. ఆపైన అవి తమ పని వేగమును తామే తగ్గించుకొనును. అప్పటికిని వేడి తగ్గనిచో ఆగిపోవును. కావున మన ఎండలలో సైతము ఫ్యాను ఎల్లవేళల పూర్తి వేగముతో తిరుగవలసిన అవసరము లేదు.

వేగమునకు చెల్లించు మూల్యము

ఫ్యాను వేగమును రెట్టింపు చేసినచో వీచు గాలి రెట్టింపగును, గాలి ఒత్తిడి నాలుగు రెట్లగును. కాని ఫ్యానునకు కావలసిన శక్తి ఎనిమిది రెట్లగును. రొద సుమారు 15 డెసిబెల్లు పెరుగును. పది డెసిబెల్లు పెరిగినచో చెవికి రొద రెట్టింపైనట్లు తోచును.

ఇందుండి ఒక చక్కని ఉపాయము లభించుచున్నది. పూర్తి వేగముతో తిరుగు ఒక ఫ్యానునకు బదులు, సగము వేగముతో తిరుగు అట్టి ఫ్యానులు రెండు అమర్చుదము. గాలికి అడ్డు లేనియెడల వీచు గాలి మునుపటి యంతయే. శక్తి మాత్రము నాలుగవ వంతు చాలును. రొద 15 డెసిబెల్లు తగ్గి, రెండవ ఫ్యాను వలన 3 పెరిగి, మొత్తము మీద 12 డెసిబెల్లు తగ్గును. పెద్ద రెక్కల ఫ్యాను మెల్లగా తిరిగినను చాలినంత గాలి నిచ్చుటకు కారణమిట్టిదే. సన్నని సర్వరు పెట్టెలలో 40 మిల్లీమీటర్ల చిన్న ఫ్యానులు మాత్రమే పట్టును. అవి నిమిషమునకు 15,000 సార్లు వరకు తిరుగుచు ఈల వేసినట్లు కూయుచుండును.

వెనుక బల్ల విద్యార్థి

ఒక్కొక్కటి 40 డెసిబెల్ల రొద చేయు 20 యంత్రములు వినువానికి సమాన దూరమున ఉన్నచో మొత్తము రొద 53 డెసిబెల్లగును. సాధారణముగ మాటలాడు మనుష్యుని కంఠము ఒక మీటరు దూరమున సుమారు 60 డెసిబెల్లు. గోడల ప్రతిధ్వనిని విడిచి లెక్కించినచో, దూరము రెట్టింపైన కొలది 6 చొప్పున తగ్గి, నాలుగు మీటర్ల దూరమున అది 48కి దిగును. అనగా వెనుక బల్లపై కూర్చున్న వానికి పాఠము కంటె ఫ్యానులే ఎక్కువగా వినబడును! అవే ఫ్యానులు సగము వేగముతో తిరిగినచో రొద 38 అగును, పాఠము స్పష్టముగ వినబడును. ప్రకటిత నిశ్శబ్ద మండలములలో పగటి పరిమితిని మన దేశపు 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమములు 50 డెసిబెల్లుగ నిర్ణయించినవి. ఆ నియమము ఆరుబయటి పరిసరములకు చెందినది. అయినను తరగతి గది అంతకంటె రొదగా నుండుట ఆలోచింపదగిన విషయము.

నియంత్రణ పద్ధతులు

ఒకప్పుడు మన ఇండ్లలో సీలింగు ఫ్యానునకు గోడపై పెద్ద పెట్టె వంటి రెగ్యులేటరు ఉండెడిది. దానిలోని నిరోధకము వేడెక్కుచు విద్యుత్తును వ్యర్థము చేసెడిది. కంప్యూటరు ఫ్యానునకు కూడ నిరోధకమును జోడించి వేగమును తగ్గింపవచ్చును. కాని వోల్టేజి మరీ తగ్గినచో, ఆగిన ఫ్యాను తిరిగి బయలుదేరదు.

ఇంతకంటె మేలైన పద్ధతి పల్స్ విడ్త్ మాడ్యులేషన్. చెరువు తూము తలుపును కొంతసేపు పూర్తిగ ఎత్తి, అంతసేపు పూర్తిగ మూసి ఉంచుచు పోయినచో సగము నీరే పారును గదా! అట్లే విద్యుత్తును సెకనుకు సుమారు 25,000 సార్లు కలుపుచు విడదీయుదురు. మానవుని చెవి 20,000 కంపనములకు మించి వినజాలదు గనుక ఈ మార్పిడి సద్దు మనకు వినబడదు. ఇట్టి ఫ్యానునకు నాలుగు తీగలుండును. రెండు విద్యుత్తునకు, మూడవది తిరుగుడు లెక్కను తెలుపుటకు, నాలుగవది వేగమును శాసించుటకు.

ఉష్ణోగ్రతను కనిపెట్టు సాధనము చిప్పులోనే కలదు. 50 డిగ్రీల వరకు మంద వేగము, అచ్చటి నుండి క్రమముగ పెంపు, 85 వద్ద పూర్తి వేగము అని మదర్‌బోర్డు అమరికలలో నిర్ణయింపవచ్చును. వేడి ఒక డిగ్రీ మారినంతనే వేగము మారకుండ కొంత వ్యవధి నుంచవలెను. నిలకడయైన రొదకు చెవి అలవాటుపడును గాని, హెచ్చుతగ్గుల రొద మనస్సును చెదరగొట్టును.

మన కర్తవ్యము

మన ప్రాంతమున దుమ్మొక ముఖ్య శత్రువు. వేసవి గాలులలో రేగడి నేలల మట్టి, ఆళ్లగడ్డ శిల్పుల పనిశాలల సమీపమున రాతి పొడి లోహపు రెక్కల నడుమ పేరుకొనును. గాలి మార్గము మూసుకొన్న కొలది చిప్పు వేడెక్కును, ఫ్యాను వేగము హెచ్చును, రొద పెరుగును. కావున మొదట శుభ్రత, పిదప అమరిక. విద్యుత్తును పూర్తిగ తొలగించి, ఫ్యాను రెక్కలు తిరుగకుండ వ్రేలితో పట్టుకొని దుమ్మును ఊదవలెను.

ఉర్దూ విద్యార్థులు హవా అనినను, తెలుగు విద్యార్థులు గాలి అనినను చిప్పునకు కావలసినది ఒక్కటియే. యాజమాన్య సంఘమువారు క్రొత్త యంత్రములను కొనునపుడు పెద్ద ఫ్యాను, నాలుగు తీగల నియంత్రణ కలవో లేవో విచారింపవలెనని మనవి. ఉన్న యంత్రములను ప్రతి వేసవికి ముందు శుభ్రపరచు పనిని విద్యార్థులమగు మనమే స్వీకరింతము. దీనికగు వ్యయము స్వల్పము. వెనుక బల్లపై కూర్చున్న సోదర సోదరీమణులకు పాఠము వినబడుట దాని ఫలము.