కరెంటు చదువంటే చిన్నచూపు వద్దు

ఈఏపీసెట్ కౌన్సెలింగ్ మొదలైతే చాలు, తిరుపతి, చిత్తూరు, మదనపల్లె తల్లిదండ్రుల నోట ఒకటే మాట: సీఎస్‌ఈ. అది రాకపోతే ఏఐ, అదీ రాకపోతే డేటా సైన్స్. అప్పుచేసి మేనేజ్‌మెంట్ కోటాలో కొనైనా సరే, పేరులో కంప్యూటర్ ఉండాల్సిందే. పిల్లవాడు ధైర్యం చేసి ‘నాకు ఎలక్ట్రికల్ ఇష్టం నాన్నా’ అంటే ‘స్తంభాలెక్కేదానికా నిన్ను చదివించింది?’ అని నోరు మూయించేస్తారు.

ఈ మాట వింటే నాకు కోపం వస్తుంది. గాలివానలో ప్రాణాలకు తెగించి స్తంభమెక్కే లైన్‌మన్‌ది తక్కువ పని అని ఎవరన్నారు? పైగా ఎలక్ట్రికల్ చదివినవాళ్ళకు లెక్కలూ కోడింగూ రెండూ కావలసిన మంచి పని ఒకటి ఉంది. దాని పేరు కూడా చాలా ఇళ్ళలో వినివుండరు. అదే గ్రిడ్ ప్లానింగ్.

అదెక్కడో అమెరికాలో జరిగే పని కాదు. మనకు కరెంటు పంపిణీ చేసే ఎస్పీడీసీఎల్ ప్రధాన కార్యాలయం మన తిరుపతిలోనే, కేశవాయనగుంట దగ్గర ఉంది. వచ్చే ఏళ్ళలో ఎంత కరెంటు కావాలి, ఎక్కణ్ణుంచి తేవాలి అన్నది ఇలాంటి పంపిణీ సంస్థలు, అంటే డిస్కంలు, లెక్కకట్టి విద్యుత్ నియంత్రణ మండలి ముందు పెట్టాలి. 2023లో కేంద్రం ఇచ్చిన రిసోర్స్ అడిక్వసీ మార్గదర్శకాలతో పదేళ్ళ ముందుచూపు ప్రణాళిక కూడా డిస్కంల మెడకు పడింది. ఈ లెక్కలు వేయగల ఇంజనీర్ల అవసరం అందుకే పెరుగుతోంది.

ఈ లెక్కల్లో లోడు ఎంత, ఉత్పత్తి ఎక్కడ ఎంత అన్న ఒక్కో పరిస్థితిని సినారియో అంటారు. 2030 నాటికి 500 గిగావాట్ల శిలాజేతర విద్యుత్తును గ్రిడ్‌కు ఎక్కించడానికి కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ, సీఈఏ, 2022 డిసెంబరులో విడుదల చేసిన ట్రాన్స్‌మిషన్ ప్రణాళికలో ఇలాంటివి 9 చూశారు. ఫిబ్రవరి, జూన్, ఆగస్టు నెలలు. ఒక్కో నెలలో మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి. ఎందుకన్ని? ఆగస్టులో అనంతపురం గాలిమరలు జోరుగా తిరుగుతాయి, ఫిబ్రవరిలో నీరసిస్తాయి. మధ్యాహ్నం ఎన్.పి.కుంట సోలార్ పార్కు నిండుగా ఇస్తుంది, పొద్దుగూకేసరికి సున్నా. సరిగ్గా అప్పుడే ఇళ్ళలో లైట్లు వెలుగుతాయి. ఆ లోటును కృష్ణపట్నం, ముద్దనూరు బొగ్గు యూనిట్లలాంటివి పూడుస్తున్నప్పుడు ఏ లైనుపై ఎంత భారం పడుతుంది, ఒక లైను పోతే మిగతావి మోస్తాయా అన్నది కంప్యూటర్‌లో ముందే నడిపి చూడాలి. 2012 జులై 31న ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్‌లు కుప్పకూలినప్పుడు దక్షిణ గ్రిడ్ వాటితో సింక్రనస్‌గా కలవలేదు కాబట్టి మనం చీకట్లో పడలేదు. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూర్ 765 కేవీ లైనుతో కలిశాం. ఇప్పుడు అక్కడి కుదుపు ఇక్కడికీ తగులుతుంది.

ఇక దగ్గరగా ఒక లెక్క చూడండి. పలమనేరు వైపు ఒక 33/11 కేవీ సబ్‌స్టేషన్ అనుకుందాం. 5 ఎంవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి, దాని కింద 10 హెచ్‌పీ బోరు మోటార్లు 500. నష్టాలు పక్కనపెడితే మోటారుకు 7.46 కిలోవాట్లు, అన్నీ కలిపి 3.73 మెగావాట్లు. ‘ఇంకా చాలా ఖాళీ ఉందే’ అనిపిస్తుంది. కానీ పవర్ ఫ్యాక్టర్ 0.8 అయితే రియాక్టివ్ పవర్ తోడై లోడు 4.66 ఎంవీఏ అవుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ దాదాపు నిండినట్టే. కెపాసిటర్లతో పవర్ ఫ్యాక్టర్‌ను 0.95కి తెస్తే 3.93కి దిగుతుంది.

‘అన్నీ ఒకేసారి తిరగవు కదా, కొంత తగ్గించి వేయొచ్చు’ అంటుంది పాఠ్యపుస్తకం. మన రైతులు ఆటో స్టార్టర్లు పెట్టుకుంటారు. త్రీఫేజ్ రాగానే మోటార్లన్నీ ఒక్కసారిగా లేస్తాయి. పొలం ఉన్న ఇంట పుట్టిన పిల్లకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. సాగుకు పగటిపూట తొమ్మిది గంటల కరెంటు అన్నప్పుడు లోడు ఏ గంటల్లోకి జరుగుతుందో, జూన్, జులైలో తోతాపురి గుజ్జు ఫ్యాక్టరీలు ఎలా నడుస్తాయో, వేసవి సెలవుల్లో తిరుపతి లాడ్జీల ఏసీలు ఎంత లాగుతాయో ఆ పిల్లకు తెలుసు. సాఫ్ట్‌వేర్ తనంతట తాను ఇవేవీ చెప్పదు. మనం ఇచ్చిన అంకెలనే లెక్కగట్టి తిరిగి ఇస్తుంది.

అందుకే ‘ఉద్యోగం గ్యారంటీ’ సాఫ్ట్‌వేర్ కోర్సుల గురించి గట్టిగా చెబుతున్నా. పీఎస్‌ఎస్ఈ, ఈటాప్ లాంటి గ్రిడ్ సాఫ్ట్‌వేర్ల పేర్లు చెప్పి వేలకు వేలు గుంజి, దొంగ కాపీ మీద నాలుగు బటన్లు నొక్కడం నేర్పి, సర్టిఫికెట్ చేతిలో పెట్టేవాళ్ళున్నారు. ఇంటర్వ్యూలో ‘లోడ్ ఫ్లో కన్వర్జ్ కాకపోతే ఏం చూస్తావు?’ అని అడిగితే ఆ సర్టిఫికెట్ నోరు విప్పదు. డబ్బు కట్టకండి. పాండాపవర్, పైప్సా ఉచితం. పైథాన్ వస్తే చాలు. పీఎస్‌ఎస్ఈకి కూడా 50 బస్‌ల (గ్రిడ్‌లో లైన్లు కలిసే చోట్ల) వరకు పనిచేసే ఉచిత వెర్షన్ ఉంది. ఐఈఈఈ 14 బస్‌ల నమూనా తీసుకుని ఒక లైను తీసేయండి, ఒక బస్ దగ్గర లోడు పెంచండి, వోల్టేజి ఎందుకు పడిందో కాగితం మీద రాయండి. పవర్ సిస్టమ్స్ పుస్తకం పక్కన పెట్టుకుని ఒక సెమిస్టర్ ఇలా చేసినవాళ్ళు కోర్సు కొన్నవాళ్ళకంటే ముందుంటారు.

ఇంకో పిచ్చి గేట్ కోచింగ్‌ది. బీటెక్ రెండో ఏడు నుంచే హైదరాబాదు హాస్టల్‌లో పడేసి, ఏడాదికేడాది ‘ఈసారి వస్తుంది’ అని కూర్చోబెట్టడం. ఒకసారి శ్రద్ధగా రాయనివ్వండి, కావాలంటే ఉద్యోగం చేసుకుంటూ రెండోసారి. అంతకుమించి పిల్లల్ని పిండకండి. పొలం అమ్మి అమెరికా ఎంఎస్‌కు పంపే ఆలోచన ఉంటే, ముందు ఇక్కడ రెండేళ్ళు ఈ పనిలో ఉన్నాక దాని సంగతి చూడమని నా సలహా.

ఉన్నదున్నట్టు చెప్పాలంటే, ఈ రంగంలో ఉద్యోగాలు సాఫ్ట్‌వేర్‌లోలా వేలకువేలు ఉండవు. మొదటి జీతం చూసి పక్కింటివాళ్ళు పెదవి విరవొచ్చు. సర్క్యూట్లంటే విసుగు పుట్టే పిల్లల్ని ఈ వ్యాసం చూపించి ఎలక్ట్రికల్ బ్రాంచి ఈఈఈలోకి తోస్తే అదీ అన్యాయమే.

దారి సంగతి: ఈఈఈ బీటెక్, ఆపైన పవర్ సిస్టమ్స్‌లో ఎంటెక్ ఉంటే మేలు. గేట్ స్కోరుతో పవర్‌గ్రిడ్, గ్రిడ్ ఇండియా. యూపీఎస్సీ ఇంజనీరింగ్ సర్వీసెస్‌తో సీఈఏ. నోటిఫికేషన్ పడితే ట్రాన్స్‌కో, డిస్కంలు. ప్రైవేటులో అయితే బెంగళూరు, చెన్నై మనకు చేతికందే దూరం. మైపవర్ సాఫ్ట్‌వేర్ తయారుచేసిన పీఆర్‌డీసీ బెంగళూరుదే.

నాకు బాగా నచ్చిన దారి మాత్రం పాలిటెక్నిక్‌ది. పది తర్వాత డిప్లొమా ఈఈఈ, ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడు. కార్పొరేట్ ఇంటర్ కాలేజీకి పోసే లక్షలు మిగులుతాయి, ట్రాన్స్‌ఫార్మర్ ఎలా ఉంటుందో పదహారేళ్ళకే కంటితో చూస్తారు. అలాంటి పిల్లలు ఈ వేసవిలోనే ఒక పని చేయొచ్చు. ఏఈ గారి అనుమతి తీసుకుని మీ ఊరి సబ్‌స్టేషన్‌కు వెళ్ళండి. అక్కడ ఆపరేటర్ గంటగంటకూ రీడింగులు రాసే లాగ్ షీట్ ఉంటుంది. ఒక వారం అంకెలు రాసుకుని గ్రాఫు గీయండి. త్రీఫేజ్ ఎప్పుడొచ్చిందో, సాయంత్రం లోడు ఎప్పుడు లేచిందో, వాన పడిన రోజు ఎంత తగ్గిందో మీకు మీరే గుర్తుపట్టి పక్కన రాసుకోండి. ఇంటర్వ్యూకి వెళ్ళేటప్పుడు ఆ కాగితాలు ఫైల్లో పెట్టుకోండి.