చీరల దుకాణంలో చేతివాటం: జాగ్రత్తలు, చట్టం

ప్రశ్న: పెళ్లిళ్ల రోజుల్లో తెనాలి, బాపట్ల, రేపల్లె వస్త్ర దుకాణాల్లో సరుకు మాయం కాకుండా చూడడం ఎలా? పట్టుబడినవారిని దుకాణంలోనే ఆపి ఉంచవచ్చా?

జవాబు: ఈ చేతివాటానికి రద్దీయే ఆధారం. గుంపుగా వచ్చినవారిలో కొందరు పరుపు మీద చీరలు వరసగా విప్పించి, అంచులూ ధరలూ అడుగుతూ అమ్మకందారు చూపును ఒకవైపు కట్టిపడేస్తే, అదే గుట్టలోని మడత విప్పని పట్టుచీర మరొకరి సంచిలోకి చేరుతుంది. అందువల్ల చూపిన చీరలను లెక్కపెట్టి అరలో సర్దిన తరువాతే కొత్తవి దించడం అన్నిటికంటే ముఖ్యమైన జాగ్రత్త కాగా, బిల్లు వేసేటప్పుడు తొలగించకపోతే వాకిలి దగ్గర మోగే బిళ్ల, అంటే భద్రతా ట్యాగు, దాని తరువాతి అంచె మాత్రమే.

2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్ ప్రకారం దొంగతనానికి 3 ఏళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు; అయితే సొత్తు విలువ 5,000 రూపాయలకు లోబడి, తొలిసారి దోషిగా తేలిన వ్యక్తి దానిని తిరిగి ఇచ్చినప్పుడు సమాజ సేవ, అంటే కోర్టు ఆదేశించే జీతం లేని ప్రజోపయోగ పని, శిక్షగా విధిస్తారు. అనుమానితులను గదిలో బంధించి, కొట్టి, ఫొటోలను వాట్సాప్‌లో తిప్పే యజమాని తానే అక్రమ నిర్బంధం వంటి కేసుల్లో చిక్కుకునే ప్రమాదం ఉన్నందున, వెంటనే 112కు ఫోన్ చేసి, కెమెరా దృశ్యాలను భద్రపరచి పోలీసులకు అప్పగించడమే క్షేమం.

పోయిన చీర ఖరీదును కౌంటరు దగ్గరి అమ్మాయిల జీతంలో కోయడం మాత్రం అన్యాయమే కాక, నష్టాన్ని బయటపెట్టడానికి వారిని భయపడేలా చేసి, దొంగలకే మేలు చేస్తుంది.